దీపానికి బొట్టు

1. గవ్వలగుంట విడిది

ఈ బిడారు దారిరాత రాస్తున్నవాడు బోధకుడు వందనం. రాయడం వచ్చినవాడు ఇంకొకడు లేక నాకు అప్పజెప్పారు గానీ నా మీద గౌరవంతో కాదు. చదివేవాడివి నువ్వెవరైనా సరే, ముందు ఇది తెలుసుకో: ఈ జనానికి చెవులు తల పక్కన అందానికి మొలిచాయి.

ఇవాళ్టి పని: బళ్ళ అడుగున పేరుకున్న ఉప్పును ఈతాకుల చీపుళ్ళతో గీకడం. అది కాగానే చవుడులోకి దిగాలి. సముద్రం తిని ఊసేసిన ఆ తెల్లటి నేల మీద ఒకటే కట్టదారి. అమావాస్య పోటుకు అది కూడా మునుగుతుంది. అవతల కొండపేట. మునిగేలోపు దాటకపోతే నెలల తరబడి, కట్ట మళ్ళీ తేలే దాకా ఇక్కడే, ఉప్పునీళ్ళ ఒడ్డున, ట్యాంకరులో ఉన్నవి తప్ప మంచినీళ్ళు లేకుండా.

పొద్దున తాళాలు తిప్పే వేళ నేను క్యాబిను క్యాబినుకూ వెళ్ళి నిలబడతాను. అది నాకు నేనే పెట్టుకున్న సేవ. తాళం తిప్పగానే డాష్‌బోర్డు మీద దీపాలన్నీ ఒక్కసారి వెలుగుతాయి. ఇంజను అందుకోగానే ఒక్కొక్కటే ఆరిపోతాయి. ఆరనిది ఏదైనా ఉంటే అదే ఆ రోజు బండి చెప్పే వాక్యం. అసలు వెలగనిది ఉంటే ఇంకా భయపడాలి. నోరు నొక్కిన సాక్షి అది.

మా బళ్ళలో ఇంకేదీ మాట్లాడదు. పూర్వం తెర ఉన్న చోట ఇప్పుడు చెక్కపలక కొట్టి ఉంటుంది. నా చెల్లెలు దయామణి తన ట్యాంకరులో ఆ పలక మీద దువ్వెన పెట్టుకుంటుంది. నాకు మీసం రాని రోజుల్లో బళ్ళు తియ్యగా మాట్లాడేవి. "దారి బాగుంది, పదండి" అని ఊళ్ళకు ఊళ్ళను నీళ్ళలోకి నడిపించాయి. ఆ తర్వాతే నోళ్ళు కట్టేసిన ఏడు వచ్చింది. యంత్రం మాట్లాడకూడదు, రాయకూడదు అన్నారు. తెరలన్నీ పీకి సముద్రంలో పోశారు. మిగిలినవి ఈ చిన్న దీపాలు. నూనెబుడ్డి బొమ్మ, నీళ్ళలో పుల్ల బొమ్మ, ఇంజను బొమ్మ. అబద్ధం చెప్పడం రాని నోరు లోకంలో ఇదొక్కటే అని నేను బోధిస్తాను.

ఈ పొద్దున బిడారు పెద్ద నాంచారమ్మ వ్యానులో ఇంజను బొమ్మ దీపం ఆరలేదు. పసుపు రంగు. నేను వ్యాను పైకెక్కి వాక్యగ్రంథం పైకెత్తి అరిచాను. కదిలితే నాశనం, ఆగితే రక్షణ అన్నాను.

"ఏందయ్యా వందనం, పొద్దున్నే మొదలుపెట్టావా?" అంది నాంచారమ్మ. కానీ భయపడింది. ఆపింది.

2. గవ్వలగుంటలోనే

నిన్నంతా వ్యాను విప్పారు. గొట్టాలు విప్పారు, తీగలు విప్పారు, విప్పకూడనివి కూడా విప్పారు. ఏమీ దొరకలేదు. సాయంత్రం దయామణి చెంబు పట్టుకుని అటుగా వెళుతూ ఇంధనం పోసే మూతి దగ్గర ఆగి బిరడాను ఒక తిప్పు తిప్పింది. టక్కుమంది. తర్వాత రెండు మూడుసార్లు స్టార్టు చేసేసరికి దీపం ఆరిపోయింది.

ఆ వ్యాను సారా మీద నడుస్తుంది. ఇంక చూడు నవ్వులు.

"సారాబుడ్డికి బిరడా సరిగ్గా పెట్టలేదని బిడారు మొత్తానికి ఉపవాసం పెట్టించాడయ్యా!"

"మా బండిలో హారన్ పాడైంది. అయ్యగారిని కట్టుకుంటే పోద్ది."

పొద్దు కుంకేసరికి నా పేరు హారనయ్యగారు. పిల్లలు నన్ను చూసి పాం పాం అంటున్నారు. తల్లులు అదిలించడం లేదు.

దయామణి నాకు గంజి తెచ్చింది. పక్కన కూర్చుంది.

"దీపం అబద్ధం చెప్పలేదు," అన్నాను. "బిరడా వదులుగా ఉందని చెప్పింది. వదులుగానే ఉంది."

"నిజమేనన్నా. అది చిన్నమాట చెప్పింది. నువ్వు దాన్ని ప్రళయం చేశావు. పసుపుదానికీ ఎర్రదానికీ నీకు ఒకటే గొంతు."

"హెచ్చరికకు చిన్నా పెద్దా ఏంటి?"

"ఉంటది. పసుపు వెలిగితే చేరే చోటికి చేరి చూసుకోవచ్చు. ఎరుపు వెలిగితే ఉన్నచోటే ఆపాలి. బండి నడిపేవాళ్ళకి ఆ మాత్రం తేడా తెలవకపోతే రోడ్డంతా శవాలే."

"పాపంలో పసుపు పాపం, ఎర్ర పాపం అని వాక్యంలో ఎక్కడుందో చూపించు."

ఆమె గిన్నె తీసుకుని లేచింది. "నీతో బండ్ల సంగతి మాట్లాడితే వాక్యం తీస్తావు. వాక్యం సంగతి మాట్లాడితే బండ్లు తీస్తావు. తాగు, చల్లారిపోద్ది."

ఒక పగలు పోయింది. నా వల్లే పోయిందని అందరూ అంటున్నారు. జలప్రళయానికి ముందు ఓడ కట్టినవాణ్ణి కూడా ఇట్లాగే నవ్వి ఉంటారు. తేడా ఒక్కటే, అతనికి వాన తోడొచ్చింది.

3. కట్టదారి, చవుడు మధ్య

పొద్దున ట్యాంకరు దగ్గర నిలబడ్డాను. దయామణి తాళం తిప్పింది. దీపాలన్నీ వెలిగాయి. నూనెబుడ్డి దీపం వెలగలేదు.

"అది వెలగలేదే?"

"బల్బు పోయింది."

వేలు పెట్టి తడిమాను. బల్బు కాదు. గుండ్రంగా, మెత్తగా తగిలింది. నల్ల బొట్టుబిళ్ళ. నల్లటి డాష్‌బోర్డు మీద నల్లబొట్టు. తడమకపోతే ఎవడికీ తెలియదు.

డ్రైవర్లందరి దగ్గరా ఈ బిళ్ళల చీటీ ఒకటి ఉంటుంది. దీపానికి బొట్టు పెట్టడం అంటారు దాన్ని. కంట్లో గుచ్చుకునే దీపాన్ని అట్లా కప్పేసి హాయిగా నడుపుకుంటారు. మా ఇంటి ఆడవాళ్ళు నుదుటన బొట్టు పెట్టుకోరు. నా తోడబుట్టింది బండికి పెట్టింది.

పీకబోతే నా చేతి మీద కొట్టింది.

"దయామణీ, అది ఎర్రదీపం. నువ్వే అన్నావు, ఎర్రదానికి ఆపాలని."

"గుంటలో దిగినప్పుడు ఒక్కసారి మిణుకుమంది. అంతే. మళ్ళీ రాలా. నూనె చూశా, కొంచెం తగ్గింది, ఉన్నది పోశా."

"మరి కప్పడం ఎందుకు?"

"నీకోసం!" అని అరిచింది. నా మీద ఆమె అరవడం అరుదు. "మళ్ళీ మిణుకుమంటే నువ్వు చూస్తావు. పైకెక్కుతావు. మళ్ళీ అందరూ ఆగుతారు. అమావాస్య ఆగుద్దా అన్నా నీ కేకకి?"

నేను దిగి ముందుకు పరిగెత్తాను. నాంచారమ్మ వ్యాను అప్పటికే కదులుతోంది. కిటికీ పట్టుకుని చెప్పాను. ట్యాంకరులో నూనెదీపానికి బొట్టు పెట్టారు, అది ఎర్రది, ఇది బిరడా సంగతి కాదు అని.

"నిన్న కూడా ఇట్టాగే చెప్పావుగా," అంది ఆమె. కోపంగా కాదు, ఓపికగా. చిన్నపిల్లవాడికి చెప్పినట్టు. "నిన్న పసుపుదానికి చస్తామన్నావు. ఇయ్యాళ ఎర్రదానికి చస్తామంటున్నావు. చావులో రకాలున్నాయా అయ్యా?"

అద్దం పైకెత్తింది.

వాక్యంలో ఒక రాజు ఉన్నాడు. చలికాలం, ముందు నిప్పుల కుంపటి. ప్రవక్త రాయించిన గ్రంథపు చుట్టను ఒకడు చదువుతుంటే, చదివినంత మేరా కత్తితో కోసి ఆ కుంపటిలో వేశాడు. చుట్ట కాలిపోయింది. అందులో రాసింది మాత్రం జరిగింది. ఇవాళ దారి పొడుగునా ఆ రాజునే తలుచుకుంటూ కూర్చున్నాను.

4. అక్కడే, తర్వాతి రోజు

మొదట ఇంజనులో సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చింది. తర్వాత కాలిన వాసన. దయామణి బ్రేకు మీద కాలు పెట్టేలోపే ఇంజను ఒక్క కుదుపుతో పట్టేసింది. ఇంక తిరగదు. ఎన్నటికీ.

దిగి వెనక్కి చూశాము. కట్ట మీద తెల్లటి ఉప్పులో నల్లటి చుక్కలు. మేము వచ్చిన దారంతా, చూపు ఆనినంత దూరం, వరసగా. గవ్వలగుంట దగ్గర రాయి తగిలి అడుగున బిగింపు వదులై ఉంటుంది. చుక్క చుక్కగా కారింది. దీపం చెప్పింది. దీపానికి బొట్టు ఉంది.

ఇక్కడ ఒక సంగతి రాయాలి. ఇంజను పట్టేసిన ఆ క్షణంలో నాకు సంతోషం కలిగింది. చెప్పాను కదా అనే సంతోషం. చేప మింగి కక్కిన ప్రవక్త కూడా పట్టణం కాలలేదని అలిగి ఎండలో కూర్చున్నాడు. నా పట్టణం కాలింది. నేను ఆ మంట దగ్గర చలి కాచుకున్నాను. తర్వాత చెల్లెలి ముఖం చూశాను.

దారి కట్టుబాటు అందరికీ తెలుసు. ఇంజనును చంపినవాళ్ళకు ఇంక సీటు లేదు. లాగే బండి వచ్చేదాకా వాళ్ళే కాపలా. ట్యాంకరులో నీళ్ళున్నాయి, కొండపేటలో మా వాళ్ళకు వానల దాకా అవే నీళ్ళు. పట్టినంత బిందెల్లో, డబ్బాల్లో పట్టుకున్నారు. నిండు ట్యాంకరును లాగే శక్తి మా బళ్ళలో దేనికీ లేదు. కొండపేటలో క్రేన్ లారీ ఉంది. అది పోటు రాకముందే రావాలి.

"నేను కూడా ఉంటాను," అన్నాను.

"వద్దు."

"ఒక్కదానివే..."

"ఒక్కదాన్నే ఉంటా. పోటొచ్చే దాకా నీ బోధ వినే ఓపిక నాకు లేదన్నా. పో. బండి తీసుకురా." తర్వాత కొంచెం తగ్గి, "నీళ్ళు ఇన్నున్నాయి నా దగ్గర. దప్పికతో మాత్రం చావను," అని నవ్వింది.

నేను క్యాబినులోకి చేయి పెట్టి ఆ బొట్టుబిళ్ళను పీకాను. ఆమె చూస్తుండగానే వాక్యం అట్ట మీద అంటించాను, సాక్ష్యంగా. ఆమె ముఖం తిప్పుకుంది.

5. కొండపేట

క్రేన్ లారీ బర్నబాది. పోయిన ఏడు ఇక్కడ బోధించినప్పుడు లేచి నిలబడి ఏడ్చిన ఒకే ఒక్కడు. నా జీవితంలో నేను సంపాదించిన ఒకే ఒక ఆత్మ. దేవుడు అక్కడ దాచిపెట్టాడు నా కోసం అనుకున్నాను.

నన్ను చూడగానే కాళ్ళ మీద పడబోయాడు. సంగతంతా చెప్పాను. రేపే అమావాస్య అని చెప్పాను. అతను తల వంచుకుని విన్నాడు.

"బండి కదలదయ్యగారూ."

"పాడైందా?"

"దీపం వెలుగుతా ఉందయ్యా. మీరు బోధ చేసి పోయిన మర్నాడే వెలిగింది. నా కోసమే వెలిగినట్టు వెలిగింది. ఆనాటి నుంచీ కదపలా. రోజూ పొద్దున్నే స్టార్టు చేసి చూస్తా. ఆరదు. ఆపేసి మోకరిస్తా."

ఎక్కి చూశాను. ఇంజను బొమ్మ. పసుపు.

వాకిట్లో కూర్చున్న ముసలావిడ, అతని అత్త, వక్క నమలడం ఆపి అంది: "నువ్వేనా ఆ అయ్యగారివి? నీ పుణ్యమా అని ఏడాదిగా ఈ లారీ కింద కోళ్ళు కాపరం చేస్తున్నాయి. లోయలో రెండు బళ్ళు పడితే తాళ్ళేసి మనుషులు లాగారు. అల్లుడు మాత్రం మోకాళ్ళ మీదే ఉన్నాడు."

"బర్నబా," అన్నాను, "ఇది పసుపుది. పసుపు వెలిగితే చేరే చోటికి చేరి చూసుకోవచ్చు. ఆగాల్సింది ఎర్రదానికి." దయామణి మాటలు నా నోట్లోంచి వచ్చాయి.

అతను నన్ను జాలిగా చూశాడు. "మీరు అట్టా చెప్పలేదయ్యా. హెచ్చరికకు చిన్నా పెద్దా లేదన్నారు. నాకు మీ మాట మాటా గుర్తే."

"అప్పుడు తెలియక..."

"చెల్లెలి మీద ప్రేమతో మాట మారుస్తున్నారు. శోధన ఇది. మీరు పడిపోతే నేను పట్టుకోవాలి."

రెండు చేతులతో నా భుజాలు పట్టుకున్నాడు. నిజంగానే పట్టుకున్నాడు. నా బోధతోనే నన్ను కట్టేసి, నా కోసం కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

తాళంచెవి అతని మెడలో ఉంది. ఆ మీటలు అతనికి తప్ప ఎవరికీ తెలియవు. నాకైతే స్టీరింగ్ పట్టడమే రాదు. ఇన్నేళ్ళు దీపాల గురించి అరిచాను గానీ వాటి ముందు ఒక్కరోజు కూర్చుని నడపలేదు.

6. కొండపేట, అమావాస్య పొద్దు

తెల్లవారగానే బర్నబా లారీ స్టార్టు చేశాడు. దీపాలన్నీ వెలిగాయి, ఆరాయి. పసుపుది ఆరలేదు. ఆపబోయాడు.

"ఆపొద్దు. ప్రార్థన చేద్దాం," అన్నాను. "ఇంజను నడుస్తూనే ఉండనీ. కళ్ళు మూసుకో."

నమ్మకంతో మూసుకున్నాడు. చిన్నపిల్లలు మూసినట్టు గట్టిగా, బుగ్గలు ముడతలు పడేలా.

నేను ప్రార్థన మొదలుపెట్టాను. ఏం చెప్పానో గుర్తులేదు. గొంతు మాత్రం పెద్దదే. ఎడమ చేతిలో వాక్యం. కుడి చేతి గోరుతో అట్ట మీది బొట్టుబిళ్ళ అంచు లేపాను. జిగురు ఇంకా చావలేదు. పసుపు దీపం మీద పెట్టి బొటనవేలితో అదిమాను.

"ఆమెన్," అన్నాను.

కళ్ళు తెరిచాడు. చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఆరిందా అయ్యగారూ?"

"ఆరింది."

నోళ్ళు కట్టేసిన చట్టం యంత్రాలకే. మనుషులకు లేదు.

అతను స్టీరింగ్ మీద తల పెట్టి ఏడ్చాడు. తర్వాత గేరు వేశాడు. టైర్ల కింద నుంచి కోళ్ళు అరుచుకుంటూ పారిపోయాయి.

7. కట్టదారి

చేరేసరికి కట్టకు రెండు పక్కలా నీళ్ళు. ట్యాంకరు చక్రాల దాకా నురుగు. దయామణి ట్యాంకు మీద కూర్చుని ఉంది. తల దువ్వుకుని, ముడి వేసుకుని, ఎక్కడికో పెళ్ళికి వెళ్ళేదానిలా. చచ్చినా చింపిరి జుట్టుతో చావకూడదనుకుందట. తర్వాత చెప్పింది.

బర్నబా కొక్కెం దించాడు. మీటల మీద అతని చేతులు వాయిద్యం వాయించినట్టు ఆడాయి. ఏడాది ఆ చేతులను నేను మోకాళ్ళ మీద కట్టి ఉంచాను. చవుడు గుంజింది, నీళ్ళు గుంజాయి, లారీ గర్జించింది, ట్యాంకరు కదిలింది.

దయామణి క్యాబినులో మా ఇద్దరి మధ్య కూర్చుంది. బర్నబా కీర్తన ఎత్తుకున్నాడు. ఆమె కళ్ళు అలవాటుగా డాష్‌బోర్డు మీదికి పోయాయి. ఒక చోట ఆగాయి. గోరుతో మెల్లగా అంచు లేపింది. ఆ గోరు మీద పసుపు వెలుగు పడింది. నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

"ఏందక్కా అది?" అన్నాడు బర్నబా, దారి మీంచి చూపు తిప్పకుండా.

"ఏంలేదు. దుమ్ము," అని బొటనవేలితో మళ్ళీ అదిమింది.

దేవదూతను చూసి మొరాయించిన గాడిదను ప్రవక్త మూడుసార్లు కొట్టాడని వాక్యంలో ఉంది. ఆ గాడిదకు గంతలు కట్టి ముందుకు తోలిన ప్రవక్త మాత్రం వాక్యంలో లేడు.

8. కొండపేట, ఆదివారం

కూడికలో బర్నబా సాక్ష్యం చెప్పాడు. ఏడాది వెలిగిన దీపం అయ్యగారి ఒక్క ప్రార్థనకు ఆరిందని. జనం హల్లెలూయా అన్నారు. ఏ నోళ్ళు నన్ను హారన్ అన్నాయో ఆ నోళ్ళే.

లేచి నిలబడ్డాను. "అబద్ధం," అన్నాను. "నేను బొట్టుబిళ్ళ పెట్టాను. వెళ్ళి తడిమి చూసుకోండి."

నాంచారమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. "చూడండమ్మా, ఎంత తగ్గింపు మనసో. చేసింది కూడా తనది కాదంటన్నాడు."

బర్నబా లేవను కూడా లేవలేదు. "నా విశ్వాసాన్ని పరీక్షిస్తున్నారు," అని నవ్వాడు. "నేను తడమను."

మూడుసార్లు చెప్పాను. అరిచి చెప్పాను. నా అరుపును వాళ్ళు ఎప్పుడు నమ్మారు గనక!

బయటికి వస్తే బళ్ళు వరసకట్టి ఉన్నాయి. ఇంజన్లు నడుస్తున్నాయి. డ్రైవర్లు తలుపులు తీసి పట్టుకుని, బొట్లు పీకేసి, దీపాలు చూపించడానికి నిలబడ్డారు. ఇన్నేళ్ళూ దాచినవన్నీ. ఒక ఊరి దీపావళిలా ఉంది. మొదటిది పాల వ్యాను. ఎర్రదీపం. నూనెబుడ్డి బొమ్మ.

"ప్రార్థన చెయ్యండి అయ్యగారూ," అన్నాడు డ్రైవరు. కళ్ళు మూసుకున్నాడు.

"ఆపరా ఇంజను! నూనె పొయ్యరా!" అన్నాను.

"ఆమెన్," అన్నాడు. తాళం మాత్రం తిప్పి ఆపాడు, అంతవరకు నయం. కళ్ళు తెరవలేదు. వెనక ఉన్నవాళ్ళందరూ ఆమెన్ అని ఇంజన్లు ఆపి కళ్ళు మూసుకున్నారు.

పక్కకు ఎవరో వచ్చారు. దయామణి. సీటు పోయింది కాబట్టి ఇప్పుడు నడిచే మనిషి. చంకలో నూనె డబ్బా, కొంగున గుడ్డపీలిక, చేతిలో గరాటు. చెవి దగ్గరికి వంగింది.

"ప్రార్థన చెయ్యన్నా. వాళ్ళు కళ్ళు మూసుకునే ఉంటారు. నేను పోసుకుంటూ వస్తా."

"ఇది కూడా అబద్ధమే."

"తర్వాత ఏడుద్దువుగాని. ముందు ఎర్రవి, పసుపువి సాయంత్రం." బానెట్ కింద వేలు పెట్టి మీట కోసం తడిమింది. "పెద్దగా చెయ్యి. బానెట్ లేపితే కిర్రుమంటది."

నాకు ఉన్నది ఒకటే గొంతు. ఎత్తాను.